ఐస్ పెట్టెలో మైనం దిమ్మ

గర్భసంచి తీసేశాక నాకు విపరీతంగా నవ్వొచ్చేది. ఏడుపొస్తుందని అందరూ ముందే చెప్పి పెట్టారు. పక్క మంచం ఆవిడైతే తన ఆపరేషన్ తర్వాత కరువుతీరా ఏడ్చిందట, నన్ను కూడా మొహమాటపడకుండా ఏడవమంది. నాకేమో పైన ఫ్యాను కిర్రుమన్నా నవ్వే, భోజనం తెచ్చే మనిషి మూతి బిగించుకుని జావ పోస్తున్నా నవ్వే. పొట్ట మీద కుట్లున్నాయి కాబట్టి నవ్వితే ప్రాణం పోయేది. దిండు పొట్టకేసి అదుముకుని, కళ్లమ్మట నీళ్లు కారుతుంటే కిక్కురుమనకుండా నవ్వుకునేదాన్ని. చూసినవాళ్లు పాపం ఏడుస్తోందనుకుని తల నిమిరేవాళ్లు. దాంతో ఇంకా ఎక్కువయ్యేది.

నేను ఉక్కు ఫ్యాక్టరీలో క్వాలిటీ ల్యాబ్ మనిషిని. ఉక్కు ముక్కను అద్దంలా నున్నగా అరగదీసి, దాన్ని యాసిడ్‌తో తడిపి, మైక్రోస్కోపు కింద పెట్టి లోపలి రేణువులు ఎలా ఉన్నాయో చూసి చెప్పడం నా పని. రేణువులన్నీ ఒకే తీరుగా ఉంటే పాస్. ఒకచోట పెద్దవి, ఒకచోట చిన్నవి, మధ్యలో చారలు, మరకలు ఉంటే రిజెక్ట్. ముప్ఫై ఏళ్లుగా ఇదే చూపు. ఇంట్లో ఇడ్లీల్లో ఒకటి చిన్నదైనా నా కన్ను దాని మీదే పడుతుంది. అందుకే నెలసరి ఆగిపోయిన ఇన్నేళ్లకు బట్ట మీద ఎర్రటి చుక్క కనపడిన రోజు నేనెవరినీ సలహా అడగలేదు. తేడా కనపడితే లైను ఆపేయడం మాకు అలవాటు. షిఫ్టు బస్సు దిగి నేరుగా లేడీ డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆవిడ లోపలి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. గర్భసంచి లోపలి పొరలో క్యాన్సర్ అని తేలింది, ఆపరేషన్ అయింది. అంతవరకు ఏ గొడవా లేదు.

గొడవంతా మా ఆయనతో. ఆయన నా మేనత్త కొడుకు, అందుకే పెళ్లై ఇన్నేళ్లైనా బావా అనే పిలుస్తాను. పోర్టులో క్రేన్ నడుపుతాడు. అంత ఎత్తున కూర్చుని కిందున్న కంటైనర్లను అగ్గిపెట్టెల్లా చూసీ చూసీ ఆయనకు ఏదీ పెద్ద విషయంగా కనపడదని నా అనుమానం. డాక్టరు క్యాన్సర్ అన్న మాట చెప్పి ముగించగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, క్యాంటీన్ ఏ ఫ్లోరులో ఉందని. వెళ్లి తిని వచ్చి, "సాంబారు బాగుందే, నువ్వు కూడా తినాల్సింది," అన్నాడు. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ బయట బెంచీ మీద గురక పెట్టి నిద్రపోయాడట. ఆ సంగతి మా మరిది చెప్పినప్పుడు నాకు నవ్వు రాలేదు, ఒళ్లు మండిపోయింది. నాతో కలిసి గట్టిగా పది మాటలు భయపడి మాట్లాడితే ఆయన సొమ్మేం పోయింది?

మా మరిది, అంటే ఆయన తమ్ముడు, దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఫిషింగ్ హార్బర్లో రొయ్యల ప్యాకింగ్ చేస్తాడు. చిన్నప్పటి నుంచి కలిసి పెరిగాం కాబట్టి వాణ్ణి ఒరేయ్ అంటాను, వాడు నన్ను వదినా అంటాడు. వాడికి లోకంలో ఏ కష్టానికైనా మందు ఐసే. జ్వరమొస్తే ఐసు, కాలు బెణికితే ఐసు, మా వీధిలో ఎవరి పెళ్లైనా ముందు వీడు ఐసు బ్లాకులు దింపుతాడు. వార్డులోకి కూడా థర్మోకోల్ డబ్బాలో కొబ్బరినీళ్లు తెచ్చాడు. అవి గడ్డకట్టి గొంతులోకి దిగలేదు.

ఇంటికొచ్చాక కుట్లు చూపించుకోవడానికి వెళితే ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ రిపోర్టు ముందు పెట్టుకుని కూర్చుంది. గడ్డ లోపలి పొర దాటి కండలోకి కొంచెమే దిగిందని, బయటకు పాకలేదని చెప్పింది. నేను లేవబోయాను. ఆవిడ కూర్చోమంది.

"చూడ్డానికి ఒకేలా ఉండే గడ్డలు రెండు రకాలుంటాయమ్మా. ఒకటి ఉన్నచోటే ఉంటుంది, తీసేస్తే అయిపోతుంది. ఇంకోటి తీసేసినా మళ్లీ ఎక్కడో మొలుస్తుంది. ఏది ఏదో పైకి చూస్తే చెప్పలేం. కణాల్లో ఉండే ప్రొటీన్లకు రంగు వేసి చూడాలి."

నాకు వెంటనే అర్థమైంది. రెండు కడ్డీలు పైకి ఒకేలా ఉంటాయి, ఒకటి వంతెనను మోస్తుంది, ఒకటి పుటుక్కున విరుగుతుంది. ఆ మాట చెబితే డాక్టరమ్మ సంతోషపడి ఇంకొంచెం చెప్పింది. చాలా ప్రొటీన్లు చూస్తారట గానీ నా విషయంలో ముఖ్యమైంది పీ ఫిఫ్టీ త్రీ అనేదట. అది మామూలుగా ఉంటే ఇంక మందుల్లేవు, మూడు నెలలకోసారి వచ్చి చూపించుకుంటే చాలు. తేడాగా ఉంటే కీమో, దాని తర్వాత రేడియేషన్, అవన్నీ అయినా గ్యారంటీ తక్కువ.

నాకు భయం వేసింది. ఆపరేషన్‌కు వేయనంత భయం. ఇంతకుముందు లోపల ఉన్నదేదో తెలుసు, తీసేయించుకున్నాను. ఇప్పుడు లోపల ఏమీ లేదు, భయపడటానికి చోటు కూడా లేదు. నా బతుకు ఎటు తిరుగుతుందో ఎక్కడో సీసాలో ఉన్న ఒక ముక్క చెప్పాలి. తిరిగొస్తూ ఆటోలో బావ చెయ్యి పట్టుకున్నాను. ఆయన ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ఆటో ఆపించి జామకాయలు కొన్నాడు.

ఆ ముక్క సీసాలో లేదని తర్వాత తెలిసింది. దాన్ని మైనంలో పోతపోసి చిన్న దిమ్మగా చేస్తారట, అగ్గిపెట్టెకంటే కాస్త చిన్నది, వెనక నంబరు వేసిన ప్లాస్టిక్ చట్రం. రంగు పరీక్షలు మహారాణిపేటలో ఉన్న పెద్ద ల్యాబ్‌లోనే చేస్తారు, దిమ్మను మన మనిషే ఒకరు తీసుకెళ్లి ఇవ్వాలి. గడ్డ నిండుగా ఉన్న దిమ్మ ఒక్కటేనని, జాగ్రత్తగా తీసుకెళ్లమని మరీ మరీ చెప్పారు. బావకు ఆ రోజు ఓడ దగ్గర డ్యూటీ పడింది. మరిది నేను తీసుకెళ్తానన్నాడు. ఆసుపత్రి కౌంటర్లో ఉన్నాయన దిమ్మ చేతికిస్తూ, మే నెల కదా, ఎండ తగిలితే మైనం మెత్తబడుతుంది, చల్లగా ఉంచండి అన్నాడట. ఆ మాట ఆయన ఊళ్లో ఇంకెవరితో అన్నా బాగుండేది.

మర్నాడు మధ్యాహ్నం ల్యాబ్‌కు ఫోన్ చేసి నా దిమ్మ పని ఎంతవరకొచ్చిందని అడిగాను. కౌంటర్ అమ్మాయి నా పేరు, నంబరు రెండుసార్లు వెతికి, అలాంటిదేదీ రాలేదని చెప్పింది. మరిదికి చేశాను.

"ఇచ్చీసినాను వదినా. నిన్న మజ్జానమే ఇచ్చీసినాను," అన్నాడు.

"ఎవలికిచ్చినావు?"

"కౌంటర్లో ఎవలూ నేరు, బోజనానికెల్లిపోనారు. గేటు కాడ సెక్యూరిటీ ఆయనకిచ్చి, డాక్టరమ్మకి అర్జెంటుగా అందించీమని సెప్పినాను."

"కాయితం కూడా ఇచ్చినావా?"

"కాయితం నా జేబులో ఉంది. అదెందుకు, పెట్టి మీద లేబులుంది కదా."

"ఏటి లేబులు? ఏటి పెట్టి?"

"మన పెట్టే వదినా. చల్లగా ఉంచమన్నారు కదా అని అడుగున ఐసేసి, మద్దెన దిమ్మెట్టి, మీద మల్లా ఐసేసి, టేపు కొట్టీసి పట్టుకెల్లినాను. గాలి కూడా దూరదు. సింగపూరు ఎల్లినా చెక్కుచెదరదు."

మా మరిది పెట్టెల మీద ఏ లేబులుంటుందో నాకు తెలుసు. తల తీసిన రొయ్యలు, పెద్ద సైజు. నీలం అక్షరాలు, పక్కన మీసాలున్న రొయ్య బొమ్మ. నా క్యాన్సర్ ముక్క ఆ బొమ్మ కింద మహారాణిపేట వెళ్లింది. నేను ఫోన్ పట్టుకుని మంచం మీద కూలబడి నవ్వాను. నవ్వుతూనే ఉన్నాను. అవతల వాడు, వదినా, వదినా, ఏడవకు అంటున్నాడు. నవ్వు తగ్గాక గుర్తొచ్చింది, గడ్డ ఉన్న దిమ్మ అదొక్కటే. అది పోతే నాకొచ్చింది ఏ రకమో ఎవరూ చెప్పలేరు.

బావ అప్పుడే డ్యూటీ దిగి వచ్చాడు. సంగతి చెబితే చొక్కా కూడా మార్చుకోకుండా ఆటో పిలిచాడు. అంతవరకు బాగానే ఉంది. ఆటోలో కూర్చున్నాక, "దొరుకుద్దిలే," అని సీటుకు తల వాల్చాడు.

"దొరక్కపోతే?" అన్నాను.

"ఎక్కడికెల్లిపోద్ది, దానికి కాల్లున్నాయేటి."

"నీకు కొంచెం కూడా బయ్యం నేదా బావా? నీ పెల్లాం ముక్క పోయింది."

"బయపడితే ఆటో బేగి ఎల్తదేటి?"

గోపాలపట్నం నుంచి మహారాణిపేట దాకా ఆయన్ని తిట్టాను. డ్రైవరు అద్దంలో చూస్తూ మధ్యమధ్య నా పక్షాన తలూపాడు. గతుకు వచ్చిన ప్రతిసారీ కుట్లు కలుక్కుమంటే ఆ కోపం కూడా ఆయన మీదే చూపించాను. ఆయన అన్నిటికీ ఊఁ కొట్టాడు.

సెక్యూరిటీ ఆయనకు పెట్టె బాగా గుర్తుంది. "రొయ్యల పెట్టే కదమ్మా? డాక్టరు మేడంకి అర్జెంటన్నారు. ఐసు కరిగిపోద్దని అప్పుడే కారు డ్రైవర్ని పిలిచి డిక్కీలో ఎట్టించీసినాను. మేడం ఇంటికాడ దించీసుంటాడు," అన్నాడు. తన బాధ్యత అంత చక్కగా నెరవేర్చిన మనిషికి థ్యాంక్సు కూడా చెప్పాను. మేడమంటే ఆ ల్యాబ్‌లో స్లైడ్లు చూసే పెద్ద డాక్టరు. ఆవిడకు రొయ్యలంటే ప్రాణమని హార్బర్ నుంచి అప్పుడప్పుడు తెప్పించుకుంటుందని ఆ బిల్డింగులో అందరికీ తెలుసట.

కౌంటర్ అమ్మాయిని వెంటబెట్టుకుని పైకి వెళ్లి చెప్పాం. డాక్టరు మేడం నా వయసుదే, కళ్లజోడు నుదుటి మీదకు తోసుకుని మొత్తం విన్నది. నవ్వలేదు. ఫోన్ తీసి స్పీకరులో పెట్టి ఇంట్లో వంటమనిషికి చేసింది.

"నిన్న ఒక రొయ్యల పెట్టె వచ్చిందా?"

"వచ్చిందమ్మగారూ. మీకు సెప్పాలనే అనుకుంతన్నాను. ఎవలో మోసం సేసీసినారు. పెట్టి నిండా ఐసే, ఒక్క రొయ్యా నేదు."

"ఐసు మధ్యలో ఇంకేమైనా ఉందా?"

"ఏదో సబ్బు ముక్కుందమ్మా, సిన్న కవర్లో."

మేము ముగ్గురం ఫోన్ మీదకు వంగాం. డాక్టరు మేడం చాలా నెమ్మదిగా, "ఆ సబ్బు ఎక్కడుంది?" అంది.

"సింకు కాడ ఎట్టినాను. మంచి సబ్బు కాదమ్మా అది. పీచుకి రాసి సూసినాను, నురగ రానేదు."

ఇక ఆ గదిలో ఎవరూ మనుషుల్లో లేరు. డాక్టరు మేడం బల్ల మీద తల పెట్టేసింది. కౌంటర్ అమ్మాయి గోడకు ఆనుకుంది. నేను దిండు తెచ్చుకోలేదు, పొట్టకు రెండు చేతులూ అడ్డం పెట్టుకుని కుర్చీలో ముడుచుకుపోయాను. నా గర్భసంచి ముక్కతో ఎంవీపీ కాలనీలో మేడం ఇంట్లో గిన్నెలు తోమబోయారు. నవ్వుతున్నాను, నవ్వుతూనే భయంతో చచ్చిపోతున్నాను, రెండూ ఒకేసారి ఎలా సాధ్యమో ఇప్పటికీ తెలియదు. బావ ఒక్కడే గుమ్మం పక్కన నిలబడి కారు తాళాలు ఎవరి దగ్గరున్నాయని అడిగాడు.

దిమ్మ వచ్చింది. డాక్టరు మేడం దాన్ని దీపం కింద అటూ ఇటూ తిప్పి చూసింది. పీచు తగిలిన చోట పై పొర కొంచెం గీసుకుపోయింది, లోపల కావలసినంత ఉందని చెప్పింది. ఐసు పెట్టడంలో తప్పేమీ లేదట, సన్నటి పొరలుగా కోసేముందు వాళ్లూ దిమ్మను ఐసు మీదే పెడతారట. ఈ మాట మరిదికి చేరవేస్తే వాడు ఇప్పటికీ నేల మీద నడవడం లేదు. ఆసుపత్రుల వాళ్లకు పెట్టెలు సప్లై చేసే ఆలోచన కూడా మొదలైంది. నేను ఉక్కు ల్యాబ్‌లో మైక్రోస్కోపు మీద పనిచేస్తానని మాటల్లో తెలిసి, డాక్టరు మేడం వెళ్లేముందు నా భుజం తట్టింది. "రంగు వేశాక పిలుస్తాను. మీ ముక్క మీరే చూద్దురుగాని," అంది.

పిలుపు వచ్చేవరకు నేను మనిషిలా లేను. గోంగూర పప్పులో రెండుసార్లు ఉప్పు వేశాను, ఒకసారి అసలు వేయలేదు. అద్దం ముందు నిలబడి జడ ముందుకు వేసుకుని, ఇది ఊడిపోతే ఎలా ఉంటానోనని చూసుకుని, బానే ఉంటానని తీర్మానించి, అంతలోనే ఏడ్చేశాను. బావ అన్ని పప్పులూ ఒకేలా మెచ్చుకుని తిన్నాడు. నాకు ఆయన్ని చూస్తే ఏ రాయినో కట్టుకున్నానేమో అనిపించేది.

పిలిచిన రోజు అన్నదమ్ములిద్దరూ కింద మెట్ల దగ్గర ఆగిపోయారు, నేనొక్కదాన్నే పైకి వెళ్లాను. అది ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఒకే స్లైడు చూడగలిగే మైక్రోస్కోపు. ముందు నాలుగు స్లైడ్లు గబగబా చూపించింది. కణం తన నకలు తీసుకునేటప్పుడు పడే తప్పుల్ని దిద్దే ప్రొటీన్లట అవి. నాలుగూ ఉన్నాయి, కాబట్టి ఇది వంశంలో దిగే రకం కాదు, నా అక్కచెల్లెళ్ల గురించి బెంగ అక్కర్లేదు అంది. తర్వాత అయిదో స్లైడు పెట్టింది. "ఇదీ పీ ఫిఫ్టీ త్రీ," అంది.

నేను కంటిచూపు సర్దుకున్నాను. లేత నీలం నేల, దాని మీద గుండ్రటి కేంద్రకాలు వేలకు వేలు. కొన్ని ముదురు గోధుమ రంగు. పక్కనే కొన్ని లేత గోధుమ. వాటి పక్కన రంగే అంటనివి. ఒకచోట గుంపు, ఒకచోట ఖాళీ. స్లైడు జరిపి ఇంకోచోట చూశాను, అక్కడా అంతే. ఎక్కడ చూసినా అతుకుల బొంతే. ఇలాంటి ముక్క మా ల్యాబ్‌లో నా ముందుకొస్తే రెండో చూపు కూడా చూసేదాన్ని కాదు.  బావకు ఎలా చెప్పాలో, ఏ మాటతో మొదలుపెట్టాలో ఆలోచిస్తూ మైక్రోస్కోపు నుంచి తల ఎత్తాను.

"రిజెక్టే కదండీ," అన్నాను.

డాక్టరు మేడం కళ్లజోడు పైకి తోసింది. "రిజెక్టేమిటి?"

"ఎక్కడా ఒకేలా లేదు కదా."

 ఆవిడ లేచి వచ్చి నా పక్కన స్టూలు మీద కూర్చుంది.

"మీ ఉక్కులో సంగతి నాకు తెలీదు గానీ, ఇక్కడ ఇలా ఉంటేనే మంచిది. ఈ ప్రొటీన్ కణానికి కాపలాదారు. పాడైన కణం పెరగకుండా ఆపుతుంది. బాగున్న చోట కణం దీన్ని అవసరమైనంత తయారు చేసుకుంటుంది, పనైపోగానే పారేస్తుంది. అందుకే ఒకదాంట్లో ఎక్కువ, ఒకదాంట్లో తక్కువ, ఒకదాంట్లో ఏమీ ఉండదు. కాపలా చెడిపోతే అది పనిచేయకుండా పోగుపడిపోతుంది, అప్పుడన్నీ ఒకేలా ముదురుగా కనిపిస్తాయి. లేదా మొత్తానికే ఉండదు. ఆ రెంటికీ భయపడాలి. మీది పనిచేస్తోంది."

"ఇంకోసారి సెప్పండి," అన్నాను. ల్యాబ్‌లో ఎప్పుడూ మాట్లాడని మా ఇంటి భాష వచ్చేసింది.

ఆవిడ ఇంకోసారి చెప్పింది. నేను నమ్మడం లేదని తెలిసి, సొరుగులోంచి పేరు లేని పాత స్లైడు ఒకటి తీసి పెట్టింది. అది చూశాను. ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే ముదురు గోధుమ, ఎక్కడా ఒక్క మచ్చ లేదు, ఒక్క తేడా లేదు. ఎంత అందంగా ఉందో చెప్పలేను. మా దగ్గరైతే చూసిన వెంటనే సంతకం పెట్టి పంపేదాన్ని. ఆ ముక్క ఎవరిదో, ఆవిడ ఇప్పుడెలా ఉందో అడగడానికి నాకు నోరు రాలేదు. నా స్లైడు మళ్లీ పెట్టించుకుని చాలాసేపు చూశాను. మచ్చలు, అతుకులు, ఖాళీలు, ఒక పద్ధతీ పాడూ లేని ఆ రంగు నాకెంత నచ్చిందంటే, డాక్టరు మేడం చివరకు ఇంక చాలు, నాకు వేరే పనుందని మైక్రోస్కోపు దీపం ఆర్పింది.

మెట్లు దిగాను.  మరిది టీ కొట్టు దగ్గరున్నాడు. బావ కింద మెట్టు మీద కూర్చుని ఉన్నాడు, పక్కన కాగితంలో సగం తిన్న సమోసా. నన్ను చూసి లేవలేదు.

"మందుల్లేవంట. రేడియేసనూ నేదు. బాగుందంట," అన్నాను.

ఆయన తలూపాడు. సమోసా ఉన్న కాగితాన్ని జాగ్రత్తగా మడిచాడు. మళ్లీ విప్పాడు. ఆ కాగితం చేతుల్లో గజగజా వణుకుతోంది, పక్కన పెట్టబోతే కింద పడింది. అంత ఎత్తు నుంచి కంటైనరును గీత తప్పకుండా దించే చేతులవి, నేనెప్పుడూ వాటిని అలా చూడలేదు. పక్కన కూర్చున్నాను. ఆయన నా వైపు చూడకుండా రోడ్డు వైపే చూస్తూ అడిగాడు.

"అయితే, ఇప్పుడు నాను బయపడొచ్చా?"

ఆయన రెండు చేతులూ తీసుకుని నా ఒళ్లో పెట్టుకున్నాను. "బయపడు బావా, నానున్నాను కదా," అన్నాను. ఆ మెట్ల మీద, వచ్చేపోయేవాళ్ల మధ్య, మా ఆయన ఇన్నాళ్ల భయమూ ఒకేసారి పడ్డాడు.